పాత డబుల్ బ్యారెల్ తుపాకీ కొనేవాళ్లూ, ఆగండి: స్కేలు పెట్టి కొలిచి మరీ ముంచాడు

ఏ దుకాణమో చెప్పనక్కర్లేదు. లైసెన్సు ఉన్నవాళ్లలో సగం మంది ఆ మెట్లు ఎక్కినవాళ్లే. నిన్న సాయంత్రం అక్కడి నుంచి తిరిగివచ్చాను, ఇంకా ఒళ్లు మండుతోంది.

పొలం కాపలాకని 75,000 రూపాయలు పోసి పాత ఇంగ్లీషు పన్నెండు బోరు (గొట్టం సైజు అది) తుపాకీ కొన్నాను. బర్మింగ్‌హామ్ తయారీ, చెక్క మీద చెక్కడం చూసి పడిపోయాను. తూటాలు కూడా అక్కడే తీసుకున్నాను, రెండు పెట్టెలు. పెట్టె మీద 70 అని ఉంది, అంటే తూటా పొడవు మిల్లీమీటర్లలో. పాత తుపాకులు చాలావాటికి తూటా కూర్చునే గది (ఛాంబర్) 65 మాత్రమే ఉంటుందని ఎక్కడో విన్న గుర్తు, అందుకే అడిగాను. అడగకుండా కొన్న అమాయకుణ్ణి కాదు, అడిగి మోసపోయిన తెలివైనవాణ్ణి.

దుకాణం యజమాని నవ్వి, సొరుగులోంచి స్టీలు స్కేలు తీశాడు. తూటాను దాని పక్కన ఆనించి, గోటితో గీత చూపించాడు. 58 మిల్లీమీటర్లు. "65లో 58 పట్టదా సార్? మీరే చెప్పండి" అన్నాడు. నేను తల ఊపాను. తూటాను ఛాంబర్‌లో వేశాడు, జారి చక్కగా కూర్చుంది. పక్కన ఉన్న ఇద్దరు కూడా తల ఊపారు. లెక్క కుదిరింది కదా మరి!

పెట్టె మీద వేసే పొడవు పేలాక మూతి విచ్చుకున్న తూటాది. పేలకముందు మూతి లోపలికి మడిచి ఉంటుంది కాబట్టి 58. పేలగానే ఆ మడత తెరుచుకుని 70 అవుతుంది. గది 65 దగ్గర అయిపోతుంది, అక్కడి నుంచి గొట్టం సన్నబడుతుంది. విచ్చుకున్న మూతి ఆ ఇరుకులోకి వెళ్లి అడ్డం పడుతుంది, గుండ్లూ, మందుకీ గుండ్లకీ మధ్య అడ్డుండే వాడ్డూ దానిలోంచి ఒరుసుకుంటూ పోవాలి. వెనక ఒత్తిడి పెరుగుతుంది. ఇంత వ్యాపారం చేసినవాడికి ఇది తెలియదంటే నమ్మను.

రేంజిలో 11 కాల్చాను. మూడోదానికే భుజం కమిలింది. పాత తుపాకీ, దెబ్బ గట్టిగానే ఉంటుందనుకున్నాను (నా తెలివి అలాంటిది). ఖాళీ తూటాల మూతులు చీలికలై, ఎలుక కొరికినట్టు ఉన్నాయి. దాన్నీ పట్టించుకోలేదు. పదకొండోది కాల్చాక తుపాకీ మూసి పట్టుకుంటే గొట్టాలు కదులుతున్నాయి. వెలుతురుకు ఎత్తి చూస్తే గొట్టాల వెనక సన్నటి సందు, కాగితం దూరేంత.

తుపాకులు బాగుచేసే మిస్త్రీ, గొట్టాల కింద ముందు వైపు ఉండే చెక్క ఊడదీసి, గొట్టాల అడుగు భాగం నాకు చూపించాడు. అక్కడ పరీక్ష ముద్రలు: డైమండ్ గుర్తులో 12, దాని కింద సి, పక్కనే గది పొడవు రెండున్నర అంగుళాలు, అంటే ఆ 65 గదే. కొన్న రోజు నేను విప్పి చూడాల్సిన చోటు అదే. చెక్కడం పనితనం మాత్రం భూతద్దం పెట్టుకుని చూశాను.

నిన్న తుపాకీ పట్టుకుని దుకాణానికి వెళితే ఆయన కనీసం లేవలేదు. "నేను కొలిచి చూపించలేదా? మీరు తల ఊపలేదా? వీళ్లంతా చూశారు కదా" అన్నాడు. అక్కడ వేరే గిరాకీలు ఉన్నారు, కుర్రాడు టీ అందిస్తున్నాడు. "తుపాకీ పట్టడం రానివాళ్లు కొనకూడదు సార్, మేకలు కొనుక్కోవాలి" అన్నాడు. అందరూ నవ్వారు. టీ ఇస్తున్న ఆ కుర్రాడు కూడా. డబ్బు పోయినదానికంటే ఆ నవ్వే రాత్రంతా నిద్ర పట్టనివ్వలేదు. వాపసు మాట ఎత్తితే, లైసెన్సులో నమోదైపోయిందంటూ ఫోను చెవికి పెట్టుకున్నాడు.

మరో సంగతి. ఆ సొరుగులో పన్నెండు బోరు, ఇరవై బోరు తూటాలు కలిసి పడి ఉన్నాయి. ఇరవైది పన్నెండు గదిలోంచి జారి ముందు ఇరుక్కుంటుంది. ఖాళీ అనుకుని వెనక ఇంకోటి పెట్టి కాల్చారంటే గొట్టం చీలుతుంది, చేయి కూడా పోవచ్చు. అలా జరగకూడదనే చాలా కంపెనీలు ఇరవైకి పసుపు రంగు వేస్తాయి.

కొనేముందు చెక్క విప్పించి ముద్రలు చూడండి. 1925 తర్వాత ఇంగ్లండులో పరీక్షించిన తుపాకులకు గది పొడవు కూడా కొట్టి ఉంటుంది. అంతకు పాతదైతే మిస్త్రీ చేత కొలిపించండి. పొడుగు గదిలో పొట్టి తూటా సాధారణంగా ఇబ్బంది పెట్టదు, పొట్టి గదిలో పొడుగుది మాత్రం వద్దు.

బిల్లు మీద "పాత 12 బోరు, 70 తూటాలు రెండు పెట్టెలు" అని ఆయనే రాశాడు, ఒకదాని కింద ఒకటి, ఒకే పెన్నుతో. అది నా దగ్గర భద్రంగా ఉంది. సోమవారం లాయరు దగ్గరికి వెళ్తున్నాను.