బయోమెడికల్ ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం: చదివి చెబుతున్న మాట

హైదరాబాద్‌లో ఒక కాలేజీలో బయోమెడికల్ మొదటి సంవత్సరం పూర్తి చేసి రెండో సంవత్సరంలోకి వచ్చాను. ఎప్‌సెట్ (పాత ఎంసెట్) కౌన్సెలింగ్ దగ్గరపడేసరికి చుట్టాల పిల్లలు ఫోన్ చేసి అడుగుతుంటారు, "అక్కా, అది సగం డాక్టర్ కోర్సా?" అని. కాదు. వైద్యం మేం చేయం. డాక్టర్ చూసే బీపీ, ఆక్సిజన్, ఈసీజీ అన్నీ ఏదో ఒక యంత్రం చెప్పినవే కదా, ఆ యంత్రం తయారు చేయడం, అది సరిగ్గా చెబుతోందో లేదో తేల్చడం మా చదువు.

మొదటి ఏడాదిలో ఆ సంగతి సిలబస్‌లో ఎక్కడా కనిపించదు. మ్యాథ్స్, అప్లైడ్ ఫిజిక్స్, కెమిస్ట్రీ, సి ప్రోగ్రామింగ్, గ్రాఫిక్స్, వర్క్‌షాప్, బేసిక్ ఎలక్ట్రికల్, అంతే. అనాటమీ, ఫిజియాలజీ మాకు రెండో ఏడాదికి గానీ రాలేదు. గుండె గురించి చదవాలని వచ్చి వర్క్‌షాప్‌లో ఇనుప ముక్క అరగదీస్తూ నిలబడితే దిగులేస్తుంది. మా క్లాసులో కొందరు మొదటి సెమిస్టర్ అవగానే బ్రాంచ్ మారాలని తిరిగారు.

నా ఫిర్యాదు మాత్రం సబ్జెక్టుల మీద కాదు, వాటిని చెప్పే తీరు మీద. మ్యాథ్స్‌లో డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ వచ్చినప్పుడు వేడి వస్తువు చల్లారడం మీద లెక్కలు చేయించారు. పారాసెటమాల్ వేసుకున్నాక రక్తంలో దాని మోతాదు రెండు మూడు గంటలకోసారి సగమవుతూ పోవడం కూడా అదే సమీకరణమని ఒక సీనియర్ చెబితే తెలిసింది. లయ తప్పి అదురుతున్న గుండెకు షాక్ ఇచ్చే డీఫిబ్రిలేటర్‌లో కెపాసిటర్ ఖాళీ అయ్యే లెక్క కూడా దాదాపు అదే. ఈ రెండు ముక్కలు క్లాసులో చెప్పి ఉంటే వెనక బెంచీల వాళ్లు కూడా తలెత్తేవాళ్లు.

ఎలక్ట్రికల్ అయితే మరీ అన్యాయం. కిర్కాఫ్ వోల్టేజ్ లా, అంటే సర్క్యూట్‌లో ఒక చుట్టు తిరిగొస్తే వోల్టేజ్ తేడాలన్నీ కలిపి సున్నా అవ్వాలన్న సూత్రం, మాకు పరీక్షలో వచ్చే ప్రశ్నగానే తెలుసు. కానీ ఈసీజీలో లీడ్ 1, లీడ్ 3 కలిపితే లీడ్ 2 వస్తుంది. ఆ మూడు లీడ్లూ రెండు చేతులు, ఎడమ కాలు మధ్య వోల్టేజ్ తేడాలు. కాబట్టి అది మనిషి ఒంటి మీద కిర్కాఫ్ లా. ఈ పద్ధతి కనిపెట్టిన ఐంథోవెన్ మొదట్లో రోగుల చేతులు, కాలు ఉప్పునీళ్ల బకెట్లలో పెట్టించి గుండె సిగ్నల్ తీసుకునేవాడు. 1924లో నోబెల్ వచ్చింది. ఆ సిగ్నల్ ఒంటి మీద సుమారు ఒక మిల్లీవోల్ట్ మాత్రమే. సీనియర్ల ల్యాబ్‌లో తెర మీద చూసినప్పుడు గుండె కొట్టుకోవడం కంటే గోడ ప్లగ్గు నుంచి వచ్చే 50 హెర్ట్జ్ కరెంటు రొదే పెద్దగా కనిపించింది. చిన్న సిగ్నల్‌ను పెంచే ఆంప్లిఫయర్, రొదను తీసేసే ఫిల్టర్ ఎందుకు చదవాలో ఆ క్షణంలో నాకు గట్టిగా అర్థమైంది.

ఏడాది మొత్తంలో ఒకే ఒక్క ఆసుపత్రి విజిట్ పెట్టారు. అది చాలదు. కానీ నేను ఎక్కువ నేర్చుకున్నది అక్కడే. అక్కడి బయోమెడికల్ విభాగం ఇంజినీరు ఇన్‌ఫ్యూజన్ పంపు (మందును కొలత ప్రకారం రక్తంలోకి ఎక్కించే యంత్రం) పెట్టి, గంటకు ఇన్ని మిల్లీలీటర్లని సెట్ చేస్తే నిజంగా అంతే వెళ్తోందా అని కొలిచి చూపించారు. తర్వాత లీకేజ్ కరెంట్ గురించి, అంటే పరికరం నుంచి దారి తప్పి మనిషి ఒంట్లోకి పారే కరెంటు గురించి చెప్పారు. ఒక మిల్లీఆంపియర్ దగ్గర మన వేలికి జిల్లుమని తెలుస్తుంది. గుండెకు నేరుగా తగిలే పరికరంలో అయితే మామూలుగా పనిచేసేటప్పుడు 10 మైక్రోఆంపియర్లు దాటకూడదు, అంటే అందులో వందో వంతు. క్లాసులో ఎర్తింగ్ బొమ్మ గీసి ఐదు మార్కులు తెచ్చుకున్న మాకు, ఎర్త్ వైరు ఊడిపోతే ఐసీయూలో ఏమవుతుందో అప్పుడే తెలిసింది. చేరబోయే వాళ్లు కాలేజీలో అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: ఆసుపత్రికి ఎప్పుడెప్పుడు తీసుకెళ్తారు?

బైపీసీ నుంచి వచ్చినవాళ్లకు మ్యాథ్స్ నిజంగా కష్టం. ఆ లోటు పూడ్చడానికి పెట్టే బ్రిడ్జ్ కోర్సు సరిపోదు. నా రూమ్మేట్ రాత్రిళ్లు ఇంటర్ ఇంటిగ్రేషన్ మొదటి నుంచి చేసుకుని నెగ్గుకొచ్చింది. ఇప్పుడు అనాటమీలో మా అందరికీ ఆమే దిక్కు. ఎంపీసీ వాళ్లకు ఆ టెన్షన్ రెండో ఏడాదికి వస్తుంది.

ఇంట్లో "సీఎస్ఈ వదిలి ఇదేంటి" అంటారు. మా నాన్నకు నేను హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రి కాలిపర్ల (నడవడానికి కాలికి కట్టుకునే ఆధారాలు) సంగతి చెప్పాను. పోలియో సోకిన పిల్లలు అక్కడ మూడు కిలోల బరువున్నవి ఈడ్చుకుంటూ నడుస్తుంటే, అబ్దుల్ కలాం బృందం క్షిపణులకు వాడే తేలికపాటి పదార్థంతో 300 గ్రాములవి చేసింది. ఈ ఊళ్లోనే జరిగింది. నాన్న ఇంకేమీ అనలేదు.

ఉద్యోగాల మాట దాచను. క్యాంపస్‌కు వచ్చేవాటిలో సాఫ్ట్‌వేర్ కంపెనీలే ఎక్కువ, పరికరాల కంపెనీలు తక్కువ. పైచదువు ఆలోచన ఉంటే గేట్‌లో 2020 నుంచి బయోమెడికల్‌కు వేరే పేపర్ ఉంది. విశాఖలో మెడ్‌టెక్ జోన్, సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూర్‌లో మెడికల్ డివైజెస్ పార్క్ ఉన్నాయి కాబట్టి ఇంటర్న్‌షిప్‌కు సొంతంగా రాసి అడగొచ్చు. నేను వచ్చే వేసవికి అడుగుతున్నాను.

మెడిసిన్ సీటు రాలేదని ఆ లోటు తీర్చుకోవడానికి మాత్రం ఇందులో చేరకండి, మొదటి సెమిస్టరే భారమవుతుంది. సర్క్యూట్లంటే ఇష్టం, మనిషి శరీరమంటే ఆసక్తి, రెండూ ఉంటే ధైర్యంగా ఆప్షన్ పెట్టుకోండి. పెట్టేముందు ఆ కాలేజీ రెండో ఏడాది విద్యార్థి ఎవరినైనా పట్టుకుని, ల్యాబ్‌లో ఈసీజీ యంత్రం పనిచేస్తోందో లేదో అడగండి.