హెచ్‌ఎంజీ-కోఏ రిడక్టేజ్‌కి ఏ9 యాంటీబాడీ: నాలుగేళ్లు వాడాక

హెచ్‌ఎంజీ-కోఏ రిడక్టేజ్ అంటే కణంలో కొలెస్ట్రాల్ తయారీకి కీలకమైన ఎంజైమ్. వెస్టర్న్ బ్లాట్‌లో, అంటే ప్రోటీన్లను జెల్‌లో సైజు ప్రకారం విడదీసి కావాల్సినదాన్ని యాంటీబాడీతో గీతగా (బ్యాండ్‌గా) చూసే పద్ధతిలో, మొదటి ఎనిమిది నెలలు నేను తప్పు బ్యాండ్‌ని నమ్మాను. అప్పట్లో ల్యాబ్‌లో ఉన్నది కుందేలు పాలీక్లోనల్, అంటే రకరకాల యాంటీబాడీల మిశ్రమం. 90 కిలోడాల్టన్ల (ప్రోటీన్ సైజు కొలత) దగ్గర నల్లగా, చక్కగా గీత వచ్చేది. అనుమానం ఎందుకొచ్చిందంటే, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందు ఇచ్చినా అది కదిలేది కాదు. స్టాటిన్ ఈ ఎంజైమ్‌ని అడ్డుకోగానే, కొలెస్ట్రాల్ తగ్గిందని గ్రహించిన కణం ఆ ఎంజైమ్‌నే ఇంకా ఎక్కువగా తయారుచేసుకుంటుంది. బ్యాండ్ పెరగాలి. పెరగలేదు. ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏతో (ఎంచుకున్న జీన్ పనిని ఆపే చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కలు) ఈ ఎంజైమ్ జీన్‌ని అణచి చూశాను, తగ్గనూ లేదు. ఎనిమిది నెలల డేటా పక్కన పెట్టేశాను. చాలా బాధపడ్డాను.

ఆ తర్వాత ఏ9 క్లోన్ తెప్పించాం. ఇది మౌస్ మోనోక్లోనల్, అంటే ఒకే రకం యాంటీబాడీ. మొదటి బ్లాట్‌లో జెల్ పైభాగాన మరక తప్ప ఏమీ లేదు. ఇదీ పనిచేయదేమోనని టెన్షన్ పట్టుకుంది. తప్పు యాంటీబాడీది కాదు, నేను శాంపిల్‌ని 95 డిగ్రీల దగ్గర మరిగించాను. 888 అమైనో ఆమ్లాల ఈ ప్రోటీన్ కణం లోపలి ఈఆర్ (ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్) పొరలో ఎనిమిదిసార్లు అటూ ఇటూ దూరి ఉంటుంది. మరిగిస్తే ముద్దకట్టి జెల్‌లోకి దిగదు. యూరియా కలిపిన బఫర్‌లో 37 డిగ్రీల దగ్గర అరగంట ఉంచితే చాలు.

అలా చేసిన రోజు 97 కిలోడాల్టన్ల దగ్గర బ్యాండ్ కనిపించింది. సింవాస్టాటిన్ ఇచ్చిన లేన్‌లో మందంగా ఉంది. కొలెస్ట్రాల్ చాలినంత ఉందని కణానికి సంకేతమిచ్చే 25-హైడ్రాక్సీకొలెస్ట్రాల్ ఇచ్చిన లేన్‌లో దాదాపు మాయం. దానికి ప్రోటియాసోమ్‌ని (కణంలో ప్రోటీన్లను ముక్కలు చేసే యంత్రాంగం) అడ్డుకునే ఎంజీ132 కూడా కలిపిన చోట బ్యాండ్ మళ్లీ నిలబడింది, అంటే ప్రోటియాసోమే ఎంజైమ్‌ని నాశనం చేస్తోందన్నమాట. పాఠాల్లో చదివినదంతా ఒకే ఫిల్మ్ మీద చూసిన ఆ సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

ఇబ్బందులూ ఉన్నాయి. మామూలు సీరమ్‌లో పెంచిన హెప్‌జీ2 (మనిషి కాలేయ క్యాన్సర్) కణాల్లో బ్యాండ్ చాలా పలచగా వస్తుంది. లిపోప్రోటీన్లు (కొలెస్ట్రాల్‌ని మోసే కణికలు) తీసేసిన సీరమ్‌లో రాత్రంతా ఉంచాకే నాకు తృప్తినిచ్చే బ్యాండ్ వచ్చింది. ప్రోటియేజ్ ఇన్‌హిబిటర్లు (ప్రోటీన్లు తెగిపోకుండా ఆపేవి) తక్కువైనా, లైసేట్‌ని (కణాలను పగలగొట్టి తీసిన ద్రవం) పదేపదే కరిగించి గడ్డకట్టించినా ఎంజైమ్ తెగి కింద 50-60 మధ్య ముక్కలు వస్తాయి.

మౌస్ లివర్‌కి మాత్రం దీన్ని వాడను. మౌస్ యాంటీబాడీ కాబట్టి, దాన్ని పట్టి చూపించే మామూలు సెకండరీ యాంటీబాడీ వేస్తే అది టిష్యూలో ఉన్న ఎలుక సొంత యాంటీబాడీలకి (ఇమ్యునోగ్లోబ్యులిన్‌కి) కూడా అతుక్కుని 50 దగ్గర పెద్ద బ్యాండ్ చూపిస్తుంది, తెగిన ముక్క ఏదో తెలియదు. మనిషి కణాల వరకు నా ఓటు ఏ9కే. కొత్త వయల్ వచ్చిన ప్రతిసారీ స్టాటిన్ లేన్, ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏ లేన్ పక్కపక్కన పెట్టి చూశాకే అసలు శాంపిల్స్ ముట్టుకుంటాను.