తబ్లేయా బిళ్ళలు మంచివే, ముందు బియ్యం సంగతి చూసుకోండి

ఫిలిప్పీన్స్‌ వాళ్ళు పొద్దున్నే తినే చాక్లెట్ జావ చంపొరాడో. దానికి ప్రాణం తబ్లేయా. కోకో గింజల్ని వేయించి, పొట్టు తీసి, నూరి, ఆ ముద్దను బిళ్ళలుగా పోస్తారు. బరంపురం, పర్లాకిమిడి బజార్లలో ఇది దొరికే సరుకు కాదు. ఆన్‌లైన్‌లో వెతకాలి, లేదంటే గల్ఫ్ నుంచి వచ్చేవాళ్ళకి చెప్పి తెప్పించుకోవాలి.

ప్యాకెట్ చేతికి రాగానే వెనక వైపు చదవండి. కోకో ఒక్కటే రాసి ఉంటే మంచి సరుకు. పంచదార మొదట రాసి ఉంటే అది తీపి బిళ్ళ, జావలో రంగు పలచబడుతుంది. బిళ్ళ సైజు ఒక్కో తయారీదారుకు ఒక్కోలా ఉంటుంది కాబట్టి లెక్కపెట్టకుండా తూకం వేయండి. ఎండాకాలంలో తెప్పిస్తే పైన తెల్లని పొడ కనిపించొచ్చు. కోకో వెన్న కరిగి మళ్ళీ గడ్డకట్టడం వల్ల వచ్చేదే అది, రుచికి ఢోకా లేదు. నూగులా ఉండి ముక్క వాసన వేస్తే మాత్రం బూజే, పారేయండి.

అసలు తేడా బియ్యంతో వస్తుంది. మన సన్నబియ్యం ఎంత ఉడికించినా గింజ ఒకచోట, నీరు ఒకచోట. కొరాపుట్ కాలాజీరా వాసనకి గొప్పదే గానీ జిగురు బియ్యం కాదు. జావ కలిసిపోవాలంటే జిగురు బియ్యమే కావాలి, అస్సాం బోరా బియ్యం సరిగ్గా సరిపోతుంది. మణిపూర్ నల్ల బియ్యం చాఖావ్ కూడా పనికొస్తుంది, కాకపోతే రాత్రంతా నానాలి.

నలుగురికి బోరా బియ్యం 200 గ్రాములు, నీళ్ళు 5 కప్పులు, తబ్లేయా 70 గ్రాములు, పంచదార 70 గ్రాములు, చిటికెడు ఉప్పు. బియ్యం కడిగి మందపాటి గిన్నెలో నీళ్ళతో పొయ్యి మీద పెట్టండి. పొంగు వచ్చాక సెగ తగ్గించి, అడుగు గీరుతూ కలపాలి. పది నిమిషాలకి బిళ్ళలు చిదిపి వేయండి. గింజ మెత్తబడి జావ గరిటెజారుగా వచ్చేసరికి మొత్తం 25 నిమిషాలు పడుతుంది. పంచదార అప్పుడే వేయాలి. ముందే వేస్తే నీటిని అది పట్టేసుకుంటుంది, గింజ లోపల పలుకుగా ఉండిపోతుంది. పాలు కూడా ఉడికేటప్పుడు పోయకండి, అడుగంటుతుంది. వడ్డించాక పైన చిక్కటి పాలో, డబ్బా పాలో ధారగా పోసుకోవాలి.

తబ్లేయాలో ఒక లోపం ఉంది. నూరుడు మరీ మెత్తగా ఉండదు కాబట్టి అడుగున మడ్డి చేరుతుంది. బిళ్ళల్ని ముందుగా ఒక గ్లాసు వేడినీళ్ళలో వేసి కవ్వంతో చిలికి పోస్తే చాలావరకు తగ్గుతుంది. అక్కడివాళ్ళూ చాక్లెట్‌ని చెక్క కవ్వంతోనే చిలుకుతారు. ఇది మెక్సికో అలవాటు. 1565 నుంచి 1815 దాకా మనీలా, అకపుల్కో మధ్య తిరిగిన స్పెయిన్ ఓడలు మోసుకొచ్చాయి. మెక్సికోలో మొక్కజొన్న పిండితో కాచేదాన్ని వీళ్ళు బియ్యంతో కాస్తున్నారు.

తబ్లేయా దొరక్కపోతే తీపి లేని కోకో పొడి 50 గ్రాములు, పెద్ద చెంచా వెన్న వేయండి. గింజ బరువులో సగం దాకా కొవ్వే. పొడిలో దాన్ని చాలావరకు పిండేస్తారు, అందుకే వెన్న లేకపోతే నోటికి నీళ్ళగా తగులుతుంది. కేకుల మీద పూసే చౌక చాక్లెట్ గడ్డ వద్దు, అందులో ఉన్నది పంచదారా వనస్పతే.

నంజుకోవడానికి అక్కడ తుయో, అంటే ఉప్పుచేప, పెడతారు. తీపి జావకి ఎండుచేపా అని మొహం చిట్లించకండి. బరంపురం దగ్గరి గోపాల్‌పూర్ తీరం వైపు దొరికే ఎండు కవళ్ళు కడిగి, తడి ఆరనిచ్చి, నూనెలో కరకరలాడేలా వేయించుకోండి.

తబ్లేయా బిళ్ళలకి నా మార్కులు అయిదుకి నాలుగు. జావ చల్లారితే ముద్దవుతుంది, మర్నాటికి వేడినీళ్ళు కలిపి సన్నసెగ మీద వదులు చేసుకోవచ్చు.