మా కేబుల్ కనెక్షన్: ఆటలకు న్యాయం జరిగింది, రథోత్సవానికి జరగలేదు

కడప ఎర్రముక్కపల్లిలో మా ఇంటికి వస్తున్న డిజిటల్ కేబుల్ గురించి ఈ నాలుగు మాటలు. టీవీలు బాగుచేయడం నా వృత్తి కాబట్టి బొమ్మను కొంచెం పట్టిపట్టి చూస్తాను.

వార్తలు, భక్తి ఛానళ్లు మొదటి నుంచీ స్వచ్ఛంగానే వస్తున్నాయి. బాధంతా క్రికెట్‌తోనే. కెమెరా బంతి వెంట బౌండరీ వైపు తిరిగిందంటే మైదానంలోని పచ్చికంతా గళ్లుగళ్లుగా విడిపోయేది. కెమెరా ఆగగానే మళ్లీ గడ్డి గడ్డిలా కనిపించేది. వ్యాఖ్యాత మాట మాత్రం ఎక్కడా తెగేది కాదు. అసలు గుర్తు అదే. సిగ్నల్ బలహీనమైతే సాధారణంగా మాట కూడా తెగుతుంది. మాట నిలకడగా ఉండి, కదలిక ఎక్కువైనప్పుడే బొమ్మ చెదురుతుంటే టీవీని అనుమానించకండి, ఆ ఛానల్‌కు పంపే డేటా చాలడం లేదన్నమాట.

కేబుల్‌లో 8 మెగాహెర్ట్జ్ వెడల్పున్న ఒక్కో ఫ్రీక్వెన్సీ మీద, 64 క్వామ్ అనే ప్రసార పద్ధతిలో, సెకనుకు సుమారు 38 మెగాబిట్ల డేటా పడుతుంది. ఎన్ని ఛానళ్లు పెట్టినా అందులోనే సర్దుకోవాలి. అన్నిటికీ సమానంగా పంచితే కుర్చీలో కూర్చుని చదివే వార్తలకు మిగిలిపోతుంది, ఆటకు చాలదు. అందుకే స్టాటిస్టికల్ మల్టీప్లెక్సింగ్ వచ్చింది: కాలువ నీటిని వంతుల లెక్కన కాకుండా, ఏ మడి ఎండితే ఆ మడికి మళ్లించినట్టు, క్షణక్షణం అవసరాన్ని బట్టి బిట్లు పంచుతుంది. అయితే ఆటల ఛానళ్లన్నిటినీ ఒకే ఫ్రీక్వెన్సీలో పెడితే అన్నిటికీ ఒకేసారి కరువొస్తుంది. ఇక్కడ జరిగింది అదే.

"బాక్సు మార్చమంటారా అన్నా?" అని అడిగాడు కేబుల్ అబ్బాయి. "బాక్సు కాదు నాయనా, ఆటల ఛానళ్లను విడదీసి వార్తల పక్కన పెట్టమని కంట్రోల్ రూములో చెప్పు" అన్నాను. చెప్పాడు, వాళ్లు విన్నారు. ఇప్పుడు బంతి గీత దాటేదాకా స్పష్టంగా కనిపిస్తోంది. వినియోగదారుడి మాట విని ఛానళ్లను ఇలా మార్చే సంస్థలు అరుదు. అందుకు మనసారా మెచ్చుకుంటున్నాను.

లోకల్ ఛానల్‌ను మాత్రం ఈ పంపకంలో చేర్చలేదు. దానికి ఎప్పుడూ ఒకే కొద్దిపాటి వాటా. రథసప్తమికి దేవుని కడప రథోత్సవం ప్రత్యక్షంగా చూపించారు. రథం మీద పూలు చల్లగానే స్వామి అలంకారమంతా అలుక్కుపోయింది. వీడియో కుదింపు, అంటే బొమ్మను తక్కువ బిట్లలో ఇమిడ్చడం, చాలావరకు క్షణం ముందటి ఫ్రేములోని బొమ్మను జరిపి వాడుకోవడం మీదే నడుస్తుంది. పూలరేకులు తలోదిక్కున పడుతుంటే ఆ ఊతం ఉండదు, బిట్లు ఎక్కువ కావాలి. గుడికి రాలేని ముసలివాళ్లు ఆ ఛానల్ ముందే కూర్చుని దండం పెట్టుకుంటారు. వాళ్లకు మసక బొమ్మ చూపడం నాకు నచ్చలేదు.

ఐదుకు మూడు ఇస్తున్నాను. లోకల్ ఛానల్‌ను కూడా ఉమ్మడి వాటాలోకి తెస్తే నాలుగు ఇస్తాను.