‘గట్టి వంతెన, గట్టి గుర్రం’ నేర్పిన కాంటనీస్ క్లాసు

హాంగ్‌కాంగ్‌కి ఉద్యోగానికి వచ్చాక కౌలూన్ ప్రాంతంలో, అక్కడ మాట్లాడే చైనీస్ భాష కాంటనీస్ నేర్పే ఒక చిన్న క్లాసులో చేరాను. ఎనిమిది వారాల్లో నాకు బాగా గుర్తుండిపోయింది ‘ఙాంగ్ కియూ ఙాంగ్ మా’ చెప్పిన రోజు. పదాలకి అర్థం గట్టి వంతెన, గట్టి గుర్రం. దక్షిణ చైనా కుంగ్‌ఫూలో వంతెన అంటే ముంజేయి, గుర్రం అంటే మోకాళ్లు వంచి నిలబడే భంగిమ. డూపు లేకుండా ఫైట్ చేసిన నటుడినీ, అసలైన పనితనాన్నీ ఇప్పుడు ఈ మాటతోనే మెచ్చుకుంటారు. టీచర్ మమ్మల్నందరినీ అలా నిలబెట్టి, ముంజేతులు తాకించి మరీ చూపించారు. తొడలు వణికాయి, మాట మాత్రం మనసులో దిగిపోయింది.

గది ఇరుకు. కాంటనీస్‌లో ఆరు స్వరాలు, అంటే గొంతు హెచ్చుతగ్గులు, ఉంటాయి; వాటి సాధనకి ఇంకా టైమ్ ఇవ్వాల్సింది. స్వరం మారితే ‘మా’ గుర్రం కాదు, అమ్మ అవుతుంది కదా! అయినా రెండో లెవెల్‌కి ఫీజు కట్టేశాను.