మిల్లింగ్ వైస్ కొంటున్నారా? ఖాళీ వైస్ కొలతలు చూసి మోసపోకండి

నేను చేతులు కాల్చుకున్నాను కాబట్టి రాస్తున్నా. మిల్లింగ్ మెషిన్ మీద లోహపు ముక్కను బిగించి పట్టుకునే ఆరంగుళాల వైస్ అది, పెట్టెలో తనిఖీ కాగితం కూడా ఉంది. బయటికి తీస్తే అద్దంలా మెరిసింది. ఫిక్స్‌డ్ జా (కదలని దవడ) మీద డయల్ గేజ్ (సన్నటి తేడాలను ముల్లుతో చూపే కొలత పరికరం) నడిపితే ముల్లు కదిలీ కదలనట్టుంది. ఇంకేం కావాలి అనుకున్నా.

మర్నాడు స్టీలు ముక్కను పారలల్స్ (ముక్క కింద పెట్టే సమాన ఎత్తు పట్టీలు) మీద పెట్టి బిగించి, నైలాన్ సుత్తితో కొట్టి కూర్చోబెట్టా. వేలితో కదిపి చూస్తే ఫిక్స్‌డ్ జా వైపు పారలల్ బిర్రుగా ఉంది, రెండోది ఆడుతోంది. ఇంకోసారి కొట్టా, ఇంకాస్త బిగించా. బిగించేకొద్దీ ఇంకా వదులైంది! కదిలే జా పైన డయల్ పెట్టి హ్యాండిల్ తిప్పితే జా 0.15 మి.మీ. పైకి లేచింది. జాబ్‌నూ (బిగించిన ముక్కనూ) వెంట లేపుకుపోయింది.

అక్కడే ఆగాల్సింది. రఫింగే (ముందు చేసే ముతక కోతే) కదా అని మొదలుపెట్టా. రెండో కట్‌లో జాబ్ ఎగిరి పక్కకు పడింది, ఎండ్ మిల్ (తిరుగుతూ కోసే పనిముట్టు) రెండు ముక్కలు. ఆ క్షణంలో చేయి దగ్గర లేకపోవడం నా అదృష్టం.

ఎందుకిలా? స్క్రూ లాగేది కింద, జాబ్ ఎదురు తోసేది పైన. దాంతో కదిలే జా వెనక్కి ఒరిగి ముందువైపు లేస్తుంది. అందుకే మంచి వైస్‌ల లోపల ఏటవాలు ముఖం, దాని మీద అర్ధగోళం ముక్క ఉంటాయి. బిగించే బలంలో కొంత జాను కిందికి లాగుతుంది. నాదీ ఆ రకమే అని అమ్మారు. విప్పితే అర్ధగోళం ఉంది, నిజమే. బ్లూ (ఎక్కడ తాకుతోందో చూపే నీలి రంగు) రాసి చూస్తే దాని గుంతలో ఒక్క అంచున మాత్రమే రంగు అంటింది. మిగతాదంతా గాల్లోనే ఉందన్నమాట.

అమ్మినవాళ్ల జవాబు: "మీరు ఎక్కువ బిగించి ఉంటారు." హ్యాండిల్‌కి పైపు తొడగలేదండీ, చేత్తోనే తిప్పా. తర్వాత "వాడిన సరుకు వాపసు తీసుకోం" అన్నారు. కనక వచ్చిన రోజే, కట్ పెట్టకముందే పరీక్షించండి. ముక్కను జా మధ్యలో పెట్టి, కదిలే జా పైన డయల్ ఆనించి, మామూలుగా బిగించేంత బిగించి వీడియో తీసుకోండి. డయల్ లేకపోతే పారలల్స్ మీద నాలుగు మూలలా సన్నటి కాగితం ముక్కలు పెట్టి, బిగించాక లాగండి. ఏ ఒక్కటి జారి వచ్చినా అనుమానించాల్సిందే. కాకపోతే ముందు ముక్క బర్ (అంచున మిగిలిన గరుకు) తీసి, చిప్స్ (లోహపు పొట్టు) తుడవండి. లేకపోతే నింద అన్యాయంగా వైస్ మీద పడుతుంది.

ప్రస్తుతానికి కదిలే జాకీ జాబ్‌కీ మధ్య గుండ్రటి రాడ్ పెట్టి నెట్టుకొస్తున్నా. జాబ్ ఫిక్స్‌డ్ జాకి చక్కగా ఆనుతుంది గానీ, పట్టు ఒక్క గీత మీదే. సన్నటి కట్‌లు తప్ప ఇంకేమీ పెట్టే ధైర్యం లేదు.