అదాలత్ దగ్గర జిరాక్స్ షాపు పైన ఉండే క్రిమినల్ లాయర్: 5కి 4 స్టార్లు

లాయర్‌కి కూడా రివ్యూ రాస్తారా అని మా ఆవిడ నవ్వింది కానీ రాస్తున్నా. మా తమ్ముడు కొన్న సెకండ్ హ్యాండ్ బండి దొంగ బండి అని తేలింది, సాయంత్రం ఇద్దరు కానిస్టేబుళ్లు ఇంటికొచ్చి వాణ్ని స్టేషన్‌కి తీసుకుపోయారు. ఏ స్టేషనో రాయను. హన్మకొండ అదాలత్ దగ్గరికి ఉరికాం, కింద జిరాక్స్ షాపు షటర్ దించుతున్నారు, పైన ఈ సార్ ఒక్కరే ఫైళ్లు సర్దుకుంటున్నారు.

నాకు నచ్చింది ఏంటంటే, "నేనొస్తే విడిపించేస్తా" అనలేదు. పోలీసులు ప్రశ్నించినంత సేపూ లాయర్ పక్కనే కూర్చుంటాడని నేను అనుకున్నా. అట్ల కుదరదట. అరెస్టు చేసి ప్రశ్నించేటప్పుడు మధ్యలో మనకు నచ్చిన లాయర్‌ని కలవొచ్చు, మొత్తం సేపు మాత్రం కాదు, బీఎన్‌ఎస్‌ఎస్ (అరెస్టు, విచారణ ఎలా జరగాలో చెప్పే కొత్త చట్టం) 38వ సెక్షన్ ఇచ్చింది అంతవరకే (2024 జులై 1కి ముందు ఇదే పాత చట్టం సీఆర్‌పీసీలో 41డి) అని బండెక్కకముందే చెప్పేశారు.

స్టేషన్లో "విచారణలో లాయర్ ఏంది, పొద్దున కోర్టుకి రా పో" అన్నారు. సార్ గొంతు పెంచలేదు. ఫోన్లో సెక్షన్ తీసి టేబుల్ మీద పెట్టి, అరెస్టు చేస్తే మెమో (అరెస్టు వివరాల కాగితం) రాయండి, మా వాళ్లతో సంతకం పెట్టిస్తా, చేయలేదంటే ఏడేళ్ల లోపు శిక్ష కేసే కదా, పిలిచినప్పుడు రమ్మని నోటీసిచ్చి పంపండి అన్నారు. అరగంట బెంచీ మీద కూర్చోబెట్టి పది నిమిషాలు కలవనిచ్చారు. మావాడి చేతిలో చాయ్ మీద తొరక కట్టింది, ముట్టనే లేదు. తెల్ల కాగితం మీద సంతకం పెట్టకు, బండికి ఫోన్‌పే కొట్టిన డబ్బులు చూపించు, నిన్నే ఇరికించే ప్రశ్నకి జవాబు చెప్పాల్సిన పని లేదు, భయపడి ఏదీ ఒప్పుకోకు అని మెల్లగా రెండుసార్లు చెప్పారు. పదకొండున్నరకి ఆ నోటీసే, 35(3) సెక్షన్ కింద, చేతిలో పెట్టి వదిలారు.

ఒక స్టార్ ఎందుకు కోశానంటే, ఫీజు ముందు చెప్పలేదు, తర్వాత ఐదు వేలు అన్నారు, రసీదు లేదు. కస్టడీలో ఉన్నవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ని ఇస్తుందనీ, 15100కి ఫోన్ చేయొచ్చనీ కూడా నాకు తర్వాతే తెలిసింది, ఈయన ఆ మాటే ఎత్తలేదు.

ఆదివారం ఫోన్ ఎత్తరు. మెట్లు ఎత్తుగా ఉన్నాయి, పెద్దవాళ్లని తీసుకెళ్తే చెయ్యి పట్టుకోండి.